పేజీ తిప్పే మనిషి

మా ఇంట్లో రెండు పియానోలు ఉండేవి. ముందు గదిలో ఉన్న పెద్దది నాది. వంటింటి పక్క గదిలో గోడకు ఆనించి ఉన్న చిన్నది మా ఆవిడ తూరున్‌ది. ఈ పంపకం ఎవరూ కూర్చుని చెయ్యలేదు, పెళ్ళయిన కొత్తలోనే దానంతటదే జరిగిపోయింది. నేను కచేరీలు చేసేవాణ్ణి. ఆమె మునిసిపాలిటీ వాళ్ళ సంగీత బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది, ఆదివారాలు చర్చిలో బృందగానానికి వాయించేది. పెద్ద పియానో ఎవరికి కావాలో వేరే అడగాలా?

ఆ ఏడాది ఆగస్టు చివర్లో హల్దిస్ మా ఇంటికి వచ్చింది. హల్దిస్ ఎనభై దాటిన మనిషి, సంగీతం రాస్తుంది. ఆవిడ రాసేవాటిలో తాళం ఉండదు, పరుగు ఉండదు. ఒక స్వరం మోగుతుంది, అది దాదాపు చల్లారేదాకా కూర్చోవాలి, అప్పుడు ఇంకోటి. ఒకప్పుడు మా ఊరు బెర్గెన్‌లో సగం మంది ఆవిణ్ణి పిచ్చిదన్నారు, మిగతా సగం మందికి ఆవిడ పేరే తెలియదు. అలాంటి రోజుల్లో ఆవిడ రచనల్ని నెత్తిన పెట్టుకుని ఊరూరా తిప్పినవాణ్ణి నేను. జనం మధ్యలో లేచి వెళ్ళిపోతుంటే తల వంచుకుని వాయించినవాణ్ణి నేను. ఇవాళ పెద్ద పెద్ద నగరాల వాళ్ళు ఆవిణ్ణి పిలిచి పీట వేస్తున్నారంటే అందులో నా చెమట కొంతైనా ఉంది.

ఆవిడ కొత్తది రాస్తోందని ఏడాదిగా వింటున్నాను. ఇదే ఆఖరిదని కూడా అనుకుంటున్నారు. అది నాకే వస్తుందనడంలో నాకు అనుమానం లేదు. అనుమానం లేకపోవడమే కాదు, కచేరీకి నల్ల సూటు కూడా కొత్తది కుట్టించుకున్నాను.

ఆవిడ తడిసిన కోటు విప్పి, పెద్ద అట్ట సంచీని కుర్చీకి ఆనించి, బల్ల దగ్గర కూర్చుంది. నేను కాఫీ పోశాను. తూరున్ వాఫుల్స్ వేసి వేడివేడిగా తెచ్చి పెట్టింది.

"అయిపోయిందోయ్ ఐలివ్," అంది హల్దిస్.

"చాలా సంతోషం," అని చేతులు శుభ్రంగా తుడుచుకుని ముందుకు జరిగాను.

ఆవిడ సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. నా ముక్కు ముందునుంచే చెయ్యి చాచి, దాన్ని తూరున్ పళ్ళెం పక్కన పెట్టింది.

"అమ్మాయ్, ఇది నీకు."

తూరున్ చేతిలో జామ్ చెంచా అలాగే ఉండిపోయింది. "నాకా? మీరు పొరబడ్డట్టున్నారు. ఐలివ్ అటు కూర్చున్నాడు."

"ముసలిదాన్నయ్యాను గానీ, ఎవరు మొగుడో ఎవరు పెళ్ళామో పోల్చుకోగలను."

"నేను పిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని హల్దిస్ గారూ."

"తెలుసు. పోయిన చలికాలం మా ఇంటికొచ్చినప్పుడు నా పియానో మీద ఒక మెట్టు నొక్కి కూర్చున్నావు, గుర్తుందా? ఒక్కటే మెట్టు. పొయ్యి మీది నీళ్ళు మరిగిపోయి ఇల్లంతా ఆవిరి కమ్మేసింది, నువ్వు లేవలేదు. ఆ రోజే అనుకున్నా."

నేను నవ్వుతూ వాఫుల్ తిన్నాను. ఒక్క మెట్టు నొక్కినందుకా? ఆ లెక్కన మా పిల్లి నా పియానో మీద రోజూ నడుస్తుంది, దానికేం రాసిస్తుందట ఈవిడ? బయటికి మాత్రం "మంచి నిర్ణయం" అన్నాను. హల్దిస్ నా వంక చూసి, "ఇంకో వాఫుల్ వేసుకో నాయనా, బాగున్నాయి," అంది.

* * *

కొన్నాళ్ళు తూరున్ తన చిన్న పియానో మీదే కష్టపడింది. ఒకరోజు నేను పెద్ద గదిలో సాధన చేసుకుంటుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఒక మాట అడగనా? కోప్పడకూడదు."

"అడుగు."

"నా దాంట్లో స్వరం నిలవట్లేదు. నొక్కిన కాసేపటికే పోతోంది. అది పోతూ ఉండగా వినాలి ఇందులో. వినడానికి ఏమీ మిగలకపోతే ఎలా?"

ఆమె చెప్పింది నిజమే. చిన్న పియానో తీగలు పొట్టివి, ఎక్కువసేపు మోగవు. నిజమని తెలిసినందుకు ఇంకా ఒళ్ళు మండింది. సరేనన్నాను. కాదనడానికి నాకు మర్యాదైన కారణం ఒక్కటీ దొరకలేదు.

అలా ఆమె ముందు గదిలోకి వచ్చింది, నేను వంటింటి పక్కకు పోయాను. చిన్న పియానో మెట్ల మీద పిల్లల కోసం రంగురంగుల బొట్లు అంటించి ఉన్నాయి. డిసెంబరులో నాకు ఓస్లోలో కచేరీ ఉంది, పరుగులు పెట్టే కష్టమైన రచన. దాన్ని ఆ ఎర్రబొట్లూ పచ్చబొట్లూ మీద సాధన చేసుకున్నాను. పాఠానికి వచ్చిన ఒక పిల్ల కాసేపు విని, "మీరు చాలా తొందరపడుతున్నారు," అని చెప్పి వెళ్ళింది.

తొందర లేనిది అవతలి గదిలో జరుగుతోంది. హల్దిస్ రచనలో కొన్ని మెట్లు మోగకుండా నొక్కాలి. వేలు పెట్టి, లోపలి సుత్తి తీగకు తగలనంత నెమ్మదిగా దించాలి. అప్పుడు తీగను అదిమి ఉంచే మెత్త లేచి, ఆ తీగ మోగడానికి సిద్ధంగా ఉంటుంది. వేరే స్వరం గట్టిగా వేసినప్పుడు ఇదీ దానంతటదే సన్నగా పలుకుతుంది. ఒక పిసరు తొందరపడితే సుత్తి తగిలి టక్కుమంటుంది, అంతా పోయినట్టే. తూరున్ పొద్దున్నే కూర్చుని ఆ మోగని మెట్లే సాధన చేసేది. ఇంట్లో ఎవరైనా పియానో వాయిస్తుంటే చెవులు మూసుకోవచ్చు. వాయించకుండా సాధన చేస్తుంటే ఏం మూసుకోవాలి? నేను నా పని ఆపి గోడకు చెవి ఆనించి కూర్చునేవాణ్ణి. ఏమీ వినపడేది కాదు. వినపడకపోవడమే గొప్పగా జరుగుతోందని అర్థం. దాంతో నాకు ఇంకా ఉక్రోషం వచ్చేది.

మనిషి కూడా మారింది. ఉప్పు అందించమంటే వెంటనే అందించేది కాదు, నా మాట గాల్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగి అందించేది. ఒకసారి చేపల సూప్ పొయ్యి మీద మాడిపోయింది. నేను వెళ్ళి చెబితే, "అవునా, వాసన ఇప్పుడే వచ్చింది," అంది ప్రశాంతంగా. ఇంకెవడి మీదో మనసు పడిన ఆడదాని మొహం అలా ఉంటుందేమో. ఎవడైనా ఉంటే కనీసం వెళ్ళి నాలుగు తిట్టి వచ్చేవాణ్ణి.

"నువ్వు వింటున్నావు కదా, ఎలా ఉంది?" అని ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది.

"మూడో కాగితంలో కింది స్వరానికి నాలుగో వేలు వాడుతున్నావు. మూడోది వాడు, బలంగా ఉంటుంది."

"అది కాదు. ఎలా ఉందని అడిగాను."

"వేలు మారిస్తే బాగుంటుంది," అన్నాను.

ఆమె తల ఊపి కంచాలు తీసేసింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

* * *

ఆమె బడికి వెళ్ళినప్పుడల్లా నేను ఆ కాగితాలు తీసి వాయించేవాణ్ణి. పియానో నాది, పెళ్ళాం నాది, ఆ రచనకు దారి వేసినవాణ్ణి నేను, ఇందులో దొంగతనం ఏముంది? అక్టోబరు మధ్యకల్లా నాకు బాగా పట్టుబడింది. ఒక్క కంఠస్థం మాత్రం కాలేదు. తాళం లేదు, రాగం పట్టుకుని పోదామంటే రాగమూ లేదు, దేన్ని పట్టుకుని గుర్తుపెట్టుకోవాలి? కాగితం లేకుండా అది ఎవరివల్లా కాదని తేల్చుకున్నాను.

కాగితాల నకలు తీసుకుని పడవెక్కి హల్దిస్ ఉండే దీవికి వెళ్ళాను. ఆవిడ ఊలు అల్లుకుంటూ తలుపు తీసింది.

"ఇటుగా పనుండి వచ్చాను," అన్నాను.

"ఇటుగా ఏ పనీ ఉండదయ్యా, ఇది దీవి చివర. కూర్చో, వాయించు."

ఏమని వచ్చానో చెప్పకుండానే తెలిసిపోయింది. వాయించాను. నా జన్మలో అంత శ్రద్ధగా వాయించలేదు. ప్రతి స్వరాన్నీ దాని చివరి కొస దాకా పట్టుకుని కూర్చున్నాను. మోగని మెట్లు ఒక్కటి కూడా టక్కుమనలేదు. ముగించి చూస్తే ఆవిడ అల్లిక ఆపి ఉంది. గెలిచాననుకున్నాను.

"చాలా అందంగా వాయించావు," అంది.

"మరి?"

"మరేముంది, అందంగా ఉంది. నీ భుజమే ముందుగా కబురు పెట్టేస్తోంది. స్వరం ఇంకా గదిలో ఉండగానే, ఇదిగో తర్వాతది వస్తోందీ అని భుజం లేస్తోంది. నేను అటే చూస్తూ కూర్చున్నా."

"భుజం కదలకుండా వాయించొచ్చు."

"వాయించొచ్చు. అప్పుడు ఇంకోటేదో కదులుతుంది. నిన్ను తప్పుపట్టడం లేదు ఐలివ్. నా పాతవి ఉన్నాయే, వాటికి ఆ భుజమే కావాలి. జనం పారిపోకుండా పట్టి కూర్చోబెట్టింది అదే. ఇది వేరు." ఆవిడ మళ్ళీ సూదులు అందుకుంది. "నీ పెళ్ళానికి పేజీలు తిప్పడానికి ఎవరో ఒకరు కావాలి. వేదిక మీద కాగితాల బదులు కంప్యూటరు తెరలూ గిరలూ పెట్టనివ్వను నేను. నిన్నే అడుగుతానంటోంది."

తిరుగు పడవలో కూర్చుని అరిచేతులు చూసుకున్నాను. పేజీలు తిప్పే పని సంగీత కళాశాలలో మొదటి ఏడాది వాళ్ళకిస్తారు.

తూరున్ ఆ వారంలోనే అడిగింది. కాదంటే అసూయ అని తెలిసిపోతుంది. సరేనన్నాను. నా మనసులో ఇంకోటి కూడా ఉంది. హల్దిస్ ఒక్కో పెద్ద కాగితం మీద ఒక్కటే వరస రాసింది. కాగితం తిరగకపోతే వాయించేవాళ్ళు ముందుకు పోలేరు. ఆ లెక్కన సగం పగ్గాలు నా చేతిలో ఉన్నట్టే.

* * *

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, కొండవాలు మీది రాతి చర్చిలో కచేరీ పెట్టారు. వానకోట్లు గరగరలాడతాయని అందరివీ గుమ్మం దగ్గరే విప్పించి, ఊలు స్వెట్టర్లతోనే లోపలికి పంపారు. దగ్గొచ్చే వాళ్ళను వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టారు. నేను ఆ కొత్త నల్ల సూటు వేసుకున్నాను. తూరున్ మామూలు ముదురాకుపచ్చ గౌను వేసుకుంది.

పేజీ తిప్పేవాడికి వేదిక మీద ఒక పద్ధతి ఉంటుంది. వాయించే మనిషికి ఎడమ పక్క, కొంచెం వెనగ్గా కూర్చోవాలి. వాళ్ళు తల ఊపినప్పుడు లేచి, ఎడమ చేత్తో కాగితం పై మూల పట్టుకుని తిప్పి, కూర్చోవాలి. సొంత అభిప్రాయం ఉండకూడదు. చప్పట్లకు లేవకూడదు. జనం దృష్టిలో వాడు కుర్చీలో ఒక భాగం.

నా కుర్చీ పాతది, కదిలితే కిర్రుమనేది. మొదటి పేజీలు స్వరాలు గట్టిగా ఉన్నప్పుడు తిరిగాయి కాబట్టి ఇబ్బంది రాలేదు. తూరున్ తల ఊపేది, నేను లేచేవాణ్ణి, తిప్పేవాణ్ణి, కూర్చునేవాణ్ణి. ఆమె ఎలా వాయిస్తోందో నాకు తెలియదు. ఎక్కడ తప్పు పోతుందా అనే నా ధ్యాసంతా. నాలుగో వేలు మార్చలేదు, మూడో కాగితంలో అదే వేలు వాడింది, ఏమీ చెడిపోలేదు. అదొకటి లోపల గుచ్చుకుంటూనే ఉంది.

సగం దాటాక ఒకచోట అడుగు స్వరం ఒకటి పెద్దగా మోగుతుంది. దాంతో పాటు, ముందే మోగకుండా నొక్కి ఉంచిన మెట్ల తీగలన్నీ పైన సన్నగా పలుకుతాయి. ఆ రచనలో నాకు ప్రాణమైన చోటు అది. నేను లేచి కాగితం మూల పట్టుకున్నాను. తూరున్ తల ఊపింది.

నేను తిప్పలేదు. నాకు ఇంకా వినపడుతోంది. నేనైతే ఇంకా ఉంచుతాను, ఇంకా చాలాసేపు ఉంచుతాను అనుకున్నాను. ఆమె మళ్ళీ తల ఊపింది, ఈసారి కొంచెం స్పష్టంగా. కాగితం నా వేళ్ళ మధ్య ఉంది. ఉండనీ, ఎవరి చేతిలో ఏముందో ఒకసారి తెలియనీ అనిపించింది.

తూరున్ నా వంక చూడలేదు. కాగితం నుంచి కళ్ళు తీసేసి, తర్వాతి స్వరం వేసింది. అది నేను తిప్పని పేజీలోది. దాని తర్వాతది వేసింది. ఆ తర్వాతది కూడా. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నా తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు తిప్పితే ఏ పేజీకి తిప్పాలి? కూర్చుందామంటే రచన అక్కణ్ణించి చివరిదాకా గుసగుస కంటే మెత్తగా ఉంటుంది, కుర్చీ కిర్రుమంటే చర్చి అంతా వింటుంది. చెయ్యి తీద్దామంటే కాగితం గరగరలాడుతుంది. అలాగే నిలబడిపోయాను, మూల పట్టుకుని, బడిలో శిక్ష పడినవాడిలా. ముందు చెయ్యి బరువెక్కింది, తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. సిగ్గుతో కాసేపు ఏమీ వినపడలేదు. ఎంతసేపని సిగ్గుపడతాను? కాసేపటికి అదీ అలిసిపోయింది. చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి విన్నాను.

* * *

చర్చి కింది హాల్లో కాఫీ, దాల్చినచెక్క బన్నులు పెట్టారు. నేను మూలన నక్కి ఉన్నాను. ఒకావిడ వెతుక్కుంటూ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"మీరలా నిలబడిపోయారు చూడండి, నాకు ఏడుపొచ్చేసింది. పేజీ తిప్పలేక, వదల్లేక, అబ్బా."

వెనకే ఇంకొకాయన వచ్చాడు. "కాలం ఆగిపోవడాన్ని అలా మనిషి చేత చూపించాలన్న ఆలోచన ఎవరిదండీ?"

నేను బన్ను నమిలాను. ఈ రకం సంగీతానికి వచ్చే జనంతో ఇదే చిక్కు. వేదిక మీద మేకు ఊడిపడినా అర్థం వెతుకుతారు. ఇంతలో హల్దిస్ కర్ర ఊతంతో నడిచి వచ్చింది. ఆవిడ చేతిలో అసలు కాగితాలు, చెవి మీద పెన్సిలు ఉన్నాయి.

"ఏ పేజీ దగ్గర ఆగిపోయావయ్యా?"

చూపించాను. ఆవిడ కాగితాన్ని గోడకు ఆనించి అక్కడ రాసుకుంది. పేజీ తిప్పే మనిషి ఇక్కడినుంచి నిలబడే ఉండాలి, పేజీ తిప్పరాదు.

"అది పొరపాటు," అన్నాను.

"అది పొరపాటు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు," అని పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. "అయినా బాగుంది. ఉండనీ."

ఇంటికి నడిచి వస్తుంటే వాన మళ్ళీ మొదలైంది.

"రెండుసార్లు తల ఊపాను," అంది తూరున్.

"చూశాను."

"చూశావని తెలుసు."

నేను గొడుగు ఆమె వైపు జరిపాను. "నీకంతా నోటికి వచ్చా?"

"సెప్టెంబరులోనే వచ్చేసింది."

"మరి నన్నెందుకు పేజీలు తిప్పమన్నావు?"

"లేకపోతే నువ్వు వచ్చి నా పక్కన కూర్చుంటావా? ఇన్నేళ్ళలో చర్చికి ఒక్కసారి వచ్చావా నేను వాయిస్తుంటే? వచ్చినా వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటావు, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ." ఆమె గొడుగు కిందినుంచి బయటికి జరిగి తడుస్తూ నడిచింది. "పక్కన ఉంటే వింటావనుకున్నా."

ఇల్లు చేరాక ఆమె ముందు గదిలోకి, నేను వంటింటి పక్కకు పోయాం. కచేరీ అయిపోయినా పియానోలు మళ్ళీ మార్చుకుందామని ఇద్దరం అనలేదు.

* * *

మొదటి మంచు పడిన వారంలో కోపెన్‌హాగెన్ నుంచి పిలుపొచ్చింది. తూరున్ రొట్టె మీద జున్ను పెట్టుకుంటూ చెప్పింది.

"ఫిబ్రవరిలోనట. వెళ్తానన్నాను."

"మంచిది. నా సూటు ఇస్త్రీకి ఇవ్వాలి."

"నువ్వు రానక్కర్లేదు. నిలబడే మనిషిని వాళ్ళే చూసుకుంటారట. నాటకాలాడే అతను ఉన్నాడట, పొడుగ్గా, చక్కగా ఉంటాడట."

అరికాలి మంట నెత్తికెక్కింది. పియానో పోయింది, రచన పోయింది, ఆఖరికి నిలబడే చోటు కూడా ఇంకొకడికి పోతోంది.

"వాడికేం తెలుసు నిలబడ్డం గురించి?"

"నిలబడ్డంలో తెలిసేదేముంది?"

"ఏముందా? మోకాళ్ళు పట్టేస్తాయి, కాలు మార్చకూడదు. చెయ్యి రాయైపోతుంది. అప్పుడు నువ్వా పై స్వరాన్ని వేస్తావు, వేశావో లేదో తెలియనట్టు వేస్తావు. దాని కింద అడుగు తీగ ఇంకా పోలేదు. నేనైతే అది పూర్తిగా పోయేదాకా ఆగేవాణ్ణి. నువ్వు ఆగలేదు, అది ఉండగానే దాని మీద మెల్లగా..." నేను ఆగిపోయాను.

తూరున్ చేతిలో కత్తి కింద పెట్టి నా వంకే చూసింది. అలా ఎదురుచూడటం ఆ నెలల్లో బాగా నేర్చుకుంది. నేను కిటికీలోంచి మంచు చూశాను, కాఫీ తాగాను, చొక్కా మీది రొట్టె పొడి దులుపుకున్నాను. ఆమె అక్కడే ఉంది.

"నాకంటే బాగా వాయించావు," అన్నాను.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. నా మాట ఆ వంటింట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగింది.

"మళ్ళీ చెప్పు," అంది.

రెండోసారి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. చెప్పాను.